కిటికీ కింద పడ్డ రేపర్లు

ప్రశ్న: పన్నెండేళ్లుగా హైస్కూల్లో సైన్స్ చెబుతున్నాను. పర్యావరణం పాఠమంటే నాకు ప్రాణం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పారిశ్రామిక విప్లవానికి ముందు పది లక్షల్లో 280 పాళ్లు ఉండేదని, ఇప్పుడు 420 దాటిందని మా పిల్లలు తడుముకోకుండా రాస్తారు. అదే పిల్లలు ఇంటర్వెల్లో చిప్స్ తిని రేపర్ కిటికీలోంచి విసిరేస్తారు. ఇంకెలా చెప్పాలి?

జవాబు: టీచర్ గారూ, లోపం మీరు చెప్పడంలో లేదు, పిల్లల్లోనూ లేదు. తెలిస్తే చాలు, మారిపోతారు అనుకుంటాం చూడండి, అక్కడుంది. పెట్టె మీద హెచ్చరిక చూస్తూనే సిగరెట్ వెలిగించేవాళ్లు ఎంతమంది లేరు? మీ పిల్లలకు ఎవరూ నేర్పకుండానే ఒక నమ్మకం వచ్చేసింది: కిటికీ అవతల ఉన్నది 'బయట', బయట పడ్డది మనది కాదు. మీరు చెప్పిన అంకెలేవీ ఆ నమ్మకం జోలికి పోలేదు.

పెద్దల చదువు మీద పనిచేసిన అమెరికన్ ప్రొఫెసర్ జాక్ మెజిరో, చాలా ఏళ్ల విరామం తర్వాత మళ్లీ కాలేజీలో చేరిన ఆడవాళ్లను గమనించి 1978లో ఒక సంగతి రాశాడు. కొత్త సబ్జెక్టులు నేర్చుకోవడం ఒక ఎత్తు, అప్పటిదాకా ప్రశ్నించకుండా మోస్తూ వచ్చిన నమ్మకాన్ని బయటికి తీసి చూసుకోవడం ఒక ఎత్తు. ఈ రెండో దానికే పరివర్తనాత్మక అభ్యసనం అని పేరు. మాట బరువుగా ఉన్నా మొదలయ్యేది మామూలు ఇబ్బందితోనే, మన లెక్కకు అందనిదేదో ఎదురైనప్పుడు. 1977లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని టిబిలిసి నగరంలో జరిగిన పర్యావరణ విద్య సమావేశం కూడా తెలివిడితో పాటు వైఖరిని, నైపుణ్యాన్ని, స్వయంగా పాల్గొనడాన్ని లక్ష్యాలుగా పెట్టింది. పరీక్ష పేపర్లోకి వచ్చేసరికి తెలివిడి ఒక్కటే మిగిలింది, అదే నా బాధ.

అందుకని ఒకరోజు పాఠం ఆపి, అందరూ గ్లౌజులు వేసుకుని ఆ కిటికీ కిందికి వెళ్లండి. పిల్లలతో పాటు మీరూ ఏరండి. ఒక్క రేపర్ తీసుకుని తిప్పి తిప్పి చూడండి. లోపల వెండిలా మెరిసేది ప్లాస్టిక్ పొర మీద పూసిన పల్చటి అల్యూమినియం, పైన రంగులు, పొరలన్నీ అతుక్కుపోయి ఉంటాయి కాబట్టి విడదీసి మళ్లీ వాడుకోవడం చాలా కష్టం. ఎండకు పెళుసెక్కిన పాతదైతే వేళ్ల మధ్య ముక్కలై రాలుతుంది, కానీ ఆ ముక్కలు మట్టిలోనే ఉంటాయి. నేను కొందరు పిల్లలతో ఇలా చేసినప్పుడు ఒకమ్మాయి, "ఇది నేను పడేసిందేనేమో" అని మెల్లగా అంది. అలాంటప్పుడు దయచేసి వెంటనే నీతి చెప్పకండి! సిగ్గుపడేలా చేస్తే మీరు చూడనప్పుడు విసురుతారు, అంతకుమించి ఏమీ జరగదు. ఐదు నిమిషాల తిండికి ఇన్నేళ్లుండే కవరెందుకు, ఇలాగే చుట్టాలని ఎవరు నిర్ణయించారు, దీనివల్ల ఎవరికి లాభం అని వాళ్లనే మాట్లాడనివ్వండి, ఎందుకంటే తప్పంతా విసిరిన చేతిదే అనుకుంటే తయారుచేసినవాళ్లు తప్పించుకుంటారు. "టీచర్, మీరూ కొంటారుగా" అంటారు. అవునని ఒప్పుకోండి. ఏం చేద్దామో వాళ్లే తేల్చుకోవాలి, చేసి చూసి, కుదరకపోతే మార్చుకోవాలి. అందరూ మారరు, సిలబస్ కూడా కాస్త వెనకబడుతుంది. అయినా చేయండి.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. వాతావరణ మార్పు గురించి చదివేకొద్దీ టెన్షన్, నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెబితే నవ్వుతారు. చదవడం మానేయనా?

జవాబు: పడుకునే ముందు మాత్రం మానేయండి. మీ భయం పిచ్చి కాదు, జరుగుతున్నది చూసి కలిగిన భయమే. మనసు మారే క్రమంలో మెజిరో గుర్తించిన దశల్లో ఒకటి, ఈ బాధ నా ఒక్కరిదే కాదని తెలుసుకోవడం. మీ క్లాసులో ఇద్దరిని వెతకండి, తప్పకుండా ఉంటారు. మొదటిసారి కూర్చున్నప్పుడు పరిష్కారాల జోలికి పోకుండా ఎవరికి ఏది భయమో చెప్పుకోండి, రెండోసారి కలిసినప్పుడు కాలేజీలోనే మీ చేతికందే పని ఒకటి చూసుకోండి. నిద్ర వారాల తరబడి పట్టకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవండి.