బిడ్డ పడుకున్నా ఆ తల్లికి నిద్ర పట్టట్లేదు.. ఆన్‌లైన్ గ్రూపు ఉపయోగపడుతుందా?

ప్రశ్న: మాది కాకినాడ. ఎనిమిదేళ్లుగా అమెరికాలో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నాతోపాటు డేకేర్‌లో పనిచేసిన మెక్సికో అమ్మాయికి ఏడు వారాల కిందట పాప పుట్టింది. వాళ్లది వహాకా రాష్ట్రం. భర్త రెస్టారెంట్ వంటగదిలో పనిచేస్తాడు, రాత్రి పన్నెండయితే గానీ రాడు. ఆరేళ్ల కొడుకు అక్కడే అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. చూడ్డానికి వెళ్తే ఊరికే ఏడుస్తోంది. పాప పడుకున్నా తను పడుకోదు. ‘నేను మంచి తల్లిని కాను’ అంటోంది. స్పానిష్‌లో జరిగే ఆన్‌లైన్ గ్రూపు గురించి ఆస్పత్రిలో కాగితం ఇచ్చారట. ‘నేనేమన్నా పిచ్చిదాన్నా’ అని పక్కన పడేసింది. ముక్కూమొహం తెలియని వాళ్లతో ఫోన్‌లో మాట్లాడితే ఇది తగ్గుతుందా? నేనేం చేయగలను?
– ఓ పాఠకురాలు, ఎడిసన్

సలహా: ముందు ఆ కాగితం వెతికించండి. అది పనికొచ్చేదే.

కాన్పయిన రెండు మూడు రోజులకు చాలామంది తల్లులకు ఏడుపు, చిరాకు వస్తాయి. రెండు వారాల్లోపు వాటంతటవే పోతాయి. ఏడు వారాలైనా తగ్గలేదంటే బాలింత అలసట అని సరిపెట్టుకోకూడదు. మీరు రాసిన వాటిలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది నిద్ర సంగతి. అలసిపోయిన తల్లి బిడ్డ కునుకు తీయగానే తనూ ఒరిగిపోతుంది. అలా ఒరగలేకపోతోందంటే, దానికి తోడు ‘మంచి తల్లిని కాను’ అంటోందంటే, ప్రసవానంతర డిప్రెషన్‌ని అనుమానించాలి. అమెరికాలో దాదాపు 8 మంది తల్లుల్లో ఒకరికి ఈ లక్షణాలు కనిపిస్తాయి. కాన్పయిన వాళ్లందరినీ దీనికోసం పరీక్షించాలని 2006లో అక్కడ మొదట చట్టం చేసింది మీ న్యూజెర్సీయే. ఎడిన్‌బరో స్కేల్ అని 10 చిన్న ప్రశ్నలుంటాయి, స్పానిష్‌లోనూ ఉంది. అలాంటి ప్రశ్నలకు ఆమె చెప్పిన జవాబులు చూసే ఆ కాగితం ఇచ్చి ఉండొచ్చు. పిచ్చిదని ముద్ర వేసి ఇచ్చింది కాదని ఆమెకు చెప్పండి.

డిప్రెషన్ అనే మాట ఆమెకు మింగుడుపడకపోవచ్చు. లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చిన ఆడవాళ్లు చాలామంది ఈ బాధను ‘నెర్వియోస్’ అంటారు, మనవాళ్లు నరాల వీక్‌నెస్ అన్నట్టు. ఆ మాటతోనే మొదలుపెట్టండి.

వాళ్లకూ మనలాగే పురుడు ఉంటుంది. ‘క్వారెంతెనా’ అంటారు. నలభై రోజులు బాలింతను బయటికి పంపరు, బరువు ఎత్తనివ్వరు, కోడి చారు కాచిపెడతారు. తల్లి, పిన్నులు, అక్కలు ఇంట్లోనే ఉంటారు. ఈ అమ్మాయికి ఆ నలభై రోజులు ఒక గదిలో, ఒంటరిగా గడిచిపోయాయి. మీకూ అక్కడే కాన్పయి, వీసా రాక మీ అమ్మగారు రాలేకపోయి ఉంటే ఎలా ఉండేదో ఊహించండి.

ఇక ఆరేళ్ల కొడుకు. నాకు ఈ కథలో అన్నిటికన్నా బరువైనది అదే. ఈ పాపకు పాలిచ్చిన ప్రతిసారీ ఆ పిల్లాడు గుర్తొస్తాడు. వాడిని వదిలొచ్చాను, దీన్ని ఎత్తుకునే హక్కు నాకుందా అనిపిస్తుంది. కడప, కోనసీమల నుంచి పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన తల్లులది కూడా ఇదే బాధ. దీన్ని మాటల్లో పెట్టడానికి ఆ అమ్మాయికి ఇంట్లో ఎవరూ లేరు. భర్తకు చెబితే అతనికి టెన్షన్. ఊళ్లో తల్లికి ఫోన్ చేసి చెబితే ‘అగ్వంతార్’, ఓర్చుకోవాలి అంటుంది. అందుకే ముక్కూమొహం తెలియని వాళ్లు మేలు. గ్రూపులో ఇంకో తల్లి ‘నా పెద్దది గ్వాటెమాలాలో ఉంది, దీన్ని ముద్దు చేయాలంటే తప్పు చేసినట్టుంటుంది’ అంటే చాలు, ఈమె గుండెలో ముడి కొంత వదులవుతుంది. ఆ పని మందు బిళ్ల చేయలేదు.

గ్రూపులో శిక్షణ పొందినవాళ్లు ఒకరిద్దరు నడిపిస్తుంటారు. చాలాచోట్ల వాళ్లూ ఈ జబ్బు దాటి వచ్చినవాళ్లే. కెమెరా ఆపుకుని ఊరికే వినొచ్చు. బస్సెక్కక్కర్లేదు, పాపను ఎవరికో అప్పజెప్పక్కర్లేదు. ఇల్లు దాటాలంటేనే భయపడే వలస కుటుంబాలకు ఇది చిన్న సంగతి కాదు. పెరూలో పుట్టిన మానసిక శాస్త్రవేత్త రికార్డో మున్యోజ్ తన బృందంతో శాన్‌ఫ్రాన్సిస్కోలో తయారుచేసిన ‘మమాస్ ఇ బెబెస్’ కోర్సు ఎక్కువగా ఇలాంటి పేద లాటినా తల్లులను దృష్టిలో పెట్టుకుని రాసిందే. రోజులో మనసుకు హాయినిచ్చే పని ఒక్కటైనా చేయడం, మనసును కుంగదీసే ఆలోచనను పట్టుకోవడం, మనుషుల్ని దగ్గర చేసుకోవడం నేర్పుతుంది. డిప్రెషన్ రాకుండా ఆపే పద్ధతుల్లో ఇదొకటని 2019లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్‌ఫోర్స్ (జబ్బులు రాకుండా ఏం చేయాలో సూచించే నిపుణుల బృందం) కూడా గుర్తించింది.

ఒక సంగతి కనుక్కోండి. వహాకా వాళ్లలో చాలామందికి ఇంటిభాష సపోతెక్ లేదా మిష్టెక్. స్పానిష్ వచ్చినా, మనసులో ఏడుపు స్పానిష్‌లో బయటికి రాకపోవచ్చు. అలాగే ఇంట్లో ఇంకో కుటుంబం కూడా అద్దెకు ఉంటే, గోడ పక్కన ఎవరో వింటున్నారంటే నోరు పెగలదు.

గ్రూపు ఒక్కటే సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. డాక్టర్ చూడాలి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించాలి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా వచ్చినా ఇలాగే ఉంటుంది. మందులు అవసరమైతే పాలిచ్చే తల్లులకు సెర్ట్రలిన్ లాంటివి ఇస్తారు, అది పాలల్లోకి చాలా తక్కువగా వెళ్తుంది. పాలు మాన్పించాల్సి వస్తుందని భయపడి చికిత్స ఆపొద్దు. 1-833-852-6262 తల్లుల కోసం పెట్టిన జాతీయ హాట్‌లైన్. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, వివరాలు రహస్యంగా ఉంచుతారు, స్పానిష్‌లో మాట్లాడతారు. పోస్ట్‌పార్టమ్ సపోర్ట్ ఇంటర్నేషనల్ సంస్థ (1-800-944-4773) ఉచితంగా స్పానిష్ గ్రూపులు నడుపుతోంది.

చచ్చిపోవాలనుంది అన్నా, పాపను ఏమైనా చేస్తానేమో అన్నా, ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందన్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా పొంతన లేని మాటలు మాట్లాడుతున్నా గ్రూపు కోసం ఆగొద్దు. ఆమెను ఒంటరిగా వదలకుండా అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. చావు ఆలోచనలు చెప్పుకోవడానికి 988 హెల్ప్‌లైన్ ఉంది, దానికి ఫోన్ చేసి స్పానిష్‌ కోసం 2 నొక్కాలి.

మీరేం చేయగలరని అడిగారు. మీకు స్పానిష్ రాకపోయినా ఫర్వాలేదు. గ్రూపు ఉన్న రోజు ఒక గంట ముందే వెళ్లండి. కోడి చారు మీరే కాచి పట్టుకెళ్లండి. ఇంట్లో చోటు లేకపోతే మీ ఇంటికి, లేదంటే మీ కారులోకి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ఇయర్‌ఫోన్స్ ఇవ్వండి. ఆమె లింకు నొక్కాక పాపను మీ భుజాన వేసుకుని, ఆమెకు కనిపించేంత దూరంలో, మాటలు వినపడనంత దూరంలో అటూఇటూ నడవండి.