సైన్య సహకారం వేరు, రాజ్య సంక్రమణ వేరు

సైన్య సహకార పద్ధతి, రాజ్య సంక్రమణ సిద్ధాంతం రెండూ ఒకటేలా అనిపిస్తున్నాయని, ఉత్తర భారతంలోని అవధ్ రాజ్యాన్ని ఏ లెక్కలో వేయాలో తెలియడం లేదని అడిగారు కదా. టెన్షన్ పడకండి, చాలామంది ఇక్కడే తికమకపడతారు.

మొదటిది ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ వెల్లస్లీది. రాజు గద్దె మీదే ఉంటాడు, కానీ కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో పోషించాలి, కంపెనీని అడగకుండా ఎవరితోనూ యుద్ధం గానీ సంధి గానీ చేయకూడదు. 1798లో నిజాం దీనికి ఒప్పుకుని, ఫ్రెంచి వాళ్లు తర్ఫీదు ఇచ్చిన తన దళాలను రద్దు చేశాడు. అసలు కిటుకు ఖర్చు దగ్గర ఉంది. ఆ సైన్యం ఖర్చు కింద 1800లో కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలను కంపెనీకి రాసిచ్చేశాడు. దత్త మండలాలు అన్న పేరు అలా వచ్చిందే. నిజాం ఆ భూముల్ని మైసూరు యుద్ధాల్లో వాటాగా పొంది ఎన్నో ఏళ్లు కాలేదు! తన కాపలాకి తానే జీతమిచ్చి, చివరికి ఇల్లు కూడా రాసిచ్చినట్టు.

రెండోది ఆ తర్వాత వచ్చిన గవర్నర్ జనరల్ డల్హౌసీ కాలంలో జోరుగా అమలైంది. సొంత కొడుకు లేకుండా రాజు చనిపోతే దత్తపుత్రుడి వారసత్వాన్ని ఒప్పుకోకుండా రాజ్యం కలిపేసుకోవడం. 1848లో సతారా, తర్వాత ఝాన్సీ, నాగపూర్.

అవధ్ రెండో దాంట్లోకి రాదు. నవాబు వాజిద్ అలీ షాకు వారసులు ఉన్నారు. 1856లో పాలన బాగాలేదన్న సాకుతో తీసుకున్నారు. పరీక్షలో తరచూ తప్పు పెట్టేది దీన్నే.