పికప్ విప్పుతున్న బాబును ఏ బ్రాంచిలో చేర్పించాలి?

ప్రశ్న: మాది నర్సంపేట. మోటారు వైండింగ్ షాపు నడుపుతాను. మా బాబు హన్మకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాడు. సెకండ్ హ్యాండ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడు. సెలవులకు వస్తే చాలు, దాని పికప్, అంటే తీగల కింద ఉండి సౌండ్ పట్టే భాగం, విప్పి కూర్చుంటాడు. అయస్కాంతం మారిస్తే సౌండ్ మారుతుందంటాడు. నా కష్టం వాడికి రావద్దనే చదివిస్తున్నా. చాలా టెన్షన్‌గా ఉంది. ఇది మాన్పించాలా? ఇంటర్ తర్వాత ఏ బ్రాంచిలో చేర్పించాలి?

జవాబు: మాన్పించకండి. బాబు చెప్పేది నిజం, పైగా మీ పనికి దగ్గరి విషయం. పికప్ అంటే మీరు చుట్టే కాయిల్ లాంటిదే. వెంట్రుకంత సన్నని ఎనామిల్ రాగి తీగను, సుమారు 0.063 మిల్లీమీటర్లది, అయస్కాంతం చుట్టూ కొన్ని వేల చుట్లు చుడతారు. పైన గిటార్ ఉక్కు తీగ అదిరితే కాయిల్‌లో వోల్టేజి పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమిది. బాబు చదివే ‘విద్యుదయస్కాంత ప్రేరణ’ పాఠం ఇదే.

పికప్‌లలో ఎక్కువగా వాడే అయస్కాంతాలు ఆల్నికో, సిరామిక్. ఆల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఇనుప మిశ్రమం. అందులో ఆల్నికో 2 బలం తక్కువ. దాని సౌండ్ మెత్తగా ఉంటుందని వాయించేవాళ్లు చెబుతారు. ఆల్నికో 5 బలమైనది, మీటగానే స్వరం స్పష్టంగా, పదునుగా పలుకుతుంది. ఆల్నికో 3లో అయితే కోబాల్టే ఉండదు. సిరామిక్ అంటే ఫెర్రైట్, మీరు స్పీకర్ల వెనక చూసే నల్ల బిళ్ల. ధర తక్కువ కాబట్టి చవక గిటార్లలో అదే పెడతారు, అందుకే చాలామంది దాన్ని నాసిరకం అనుకుంటారు. అది తప్పు. 1970లలో పేరు తెచ్చుకున్న డిమార్జియో కంపెనీ ‘సూపర్ డిస్టార్షన్’ సిరామిక్ పికప్పే.

ఇక బాబుకు ఒక మాట. బాబూ, సౌండ్ మొత్తం అయస్కాంతం చేతిలోనే లేదు. కాయిల్ చుట్లు ఎన్ని, మధ్యలో ఉన్న లోహం ఏది, గిటార్ తీగకు ఎంత దూరం, ఇవన్నీ కలుస్తాయి. ఆల్నికోలో కరెంటు పారుతుంది కాబట్టి ఎడ్డీ కరెంట్లు, అంటే లోహంలోనే సుడుల్లా తిరిగే కరెంట్లు, పుట్టి పై ఫ్రీక్వెన్సీలను కొంత తగ్గిస్తాయి. ఫెర్రైట్‌లో అవి దాదాపు ఉండవు. బలమైన అయస్కాంతం మరీ దగ్గరగా ఉంటే తీగనే లాగి శ్రుతి చెడగొడుతుంది. కాబట్టి ఒకసారికి ఒక్కటే మార్చు. పికప్ ఎత్తు స్కేలుతో కొలిచి ముందున్నంతే ఉంచు. అదే తీగ మీటి రికార్డు చేసి, మార్చకముందు, మార్చాక వచ్చిన సౌండ్ల ఫ్రీక్వెన్సీ గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూడు. హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) అయితే అడుగున స్క్రూలు వదులు చేసి అయస్కాంతం పట్టీ మార్చవచ్చు, ఉత్తర దక్షిణ ధ్రువాలు మాత్రం తారుమారు కావద్దు. ఆరు కడ్డీలే అయస్కాంతాలుగా ఉన్న పికప్‌లో వాటిని నెట్టి తీయకు, కాయిల్ తెగుతుంది. పని ముందు, తర్వాత నాన్న మల్టీమీటరుతో చూడు. మామూలు పికప్ 6 నుంచి 9 కిలోఓమ్‌లు చూపిస్తుంది.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. పికప్‌లు తయారుచేయడం మన దగ్గర ఇల్లు గడిచే ఉద్యోగం కాదు, దాన్ని నమ్ముకుని చదువు వదలొద్దు. కానీ ఏ లోహం ఎందుకు అయస్కాంతమవుతుందన్న కుతూహలానికి మంచి చదువు ఉంది. వరంగల్ నిట్‌లో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్ బ్రాంచి ఉంది, ప్రవేశం జేఈఈ మెయిన్ ర్యాంకుతో. కంప్యూటర్ సైన్స్ దొరకనివాళ్లు చేరే బ్రాంచి అని చాలామంది తల్లిదండ్రులు దాన్ని పక్కన పెడతారు. నాకు అది బాధ కలిగిస్తుంది. ఎలక్ట్రిక్ బండ్ల మోటార్లకు, గాలిమరలకు నియోడిమియం అయస్కాంతాలు కావాలి. హైదరాబాద్‌లోని రక్షణ శాఖ లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్‌లో అయస్కాంతాల మీద పరిశోధన జరుగుతుంది. సీటు రాకపోతే కాకతీయ యూనివర్సిటీ పరిధిలో బీఎస్సీ ఫిజిక్స్, తర్వాత ఎమ్మెస్సీ కూడా గౌరవమైన దారే. కాయిల్, సర్క్యూట్ వైపే మనసుంటే ఈసీఈ లేదా ట్రిపుల్ఈ.

పరీక్షలయ్యేదాకా గిటార్‌కు ఆదివారం ఒక గంట చాలు. పరీక్షలు కాగానే ఒక కాయిల్ ఇద్దరూ కలిసి చుట్టండి. అంత సన్నని తీగ కాస్త బిగువెక్కినా తెగుతుంది, ఆ బిగువు ఎంత ఉండాలో మీరే చూపించాలి.