కొండ మీద క్వారీ అంటున్నారు, మరి ఎలుగుల మాటేమిటి?

ప్రశ్న: మాది మందస మండలంలో కొండ కింద ఊరు. కొండ మీద గ్రానైట్ క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ అని నోటీసు వచ్చింది. చెప్పుకోదగ్గ జంతువులేవీ అక్కడ లేవని క్వారీ పర్యావరణ ప్రభావ రిపోర్టులో రాశారట. జీడి, పనస కాపుకొచ్చే రోజుల్లో ఎలుగులు మా తోటల్లోకి దిగుతూనే ఉంటాయి, పొద్దుగూకాక బయటికి రావాలంటే టెన్షన్. మీటింగులో మేం చెబితే ఎవరైనా వింటారా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: వింటారా లేదా అన్నది తర్వాత, ముందు మీ మాట కాగితం మీదకు ఎక్కాలమ్మా. రిపోర్టు కాపీ కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్‌లో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఉండాలి, దాని సారాంశం తెలుగులోనూ ఇవ్వాలి. అది తీసుకుని ముందు ఏ నెలల్లో సర్వే చేశారో చూడండి. గనులకు వానాకాలం కాకుండా ఏదో ఒక సీజన్‌లో చూస్తే చాలన్నది పద్ధతి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అదీ పగటిపూట తిరిగి వెళ్లిపోతే ఎలుగు ఎక్కడ కనిపిస్తుంది? రాత్రి తిరిగే, ఒళ్లంతా పొలుసులుండే అలుగు (పాంగోలిన్) అయితే అసలే కనబడదు. మీరు ఏడాది పొడుగునా అక్కడే ఉంటారు కాబట్టి ఆ రిపోర్టులో లేనిది చెప్పగలిగేది మీరే.

పుట్టలు తవ్విన గుంతలు, జీడిపిక్కలు గానీ నేరేడు గింజలు గానీ కనిపించే పెంట, మట్టిలో గోళ్లతో సహా పడిన అడుగు, వీటిని తేదీ, చోటు తెలిసేలా ఫొటోలు తీయండి. లీజు హద్దు నుంచి 10 కిలోమీటర్ల దాకా జంతువుల వివరాలు రిపోర్టులో ఉండాలి కాబట్టి తోటల్లో దొరికినవీ లెక్కలోకి వస్తాయి. ఎలుగు 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది, అది ఉందని తేలితే దాని రక్షణకు ఖర్చుతో సహా ప్రణాళిక ఇవ్వాల్సిందే.

ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది. ఎలుగు దాడుల్లో మనుషులకు, పశువులకు అటవీ శాఖ ఇచ్చిన పరిహారం వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడగండి, అది సర్కారు సొంత రికార్డు, ఎవరూ కాదనలేరు. జవాబుకు 30 రోజులు పడుతుంది, మీ మీటింగుకు నోటీసు గడువూ కనీసం 30 రోజులే, అందుకే ఇవాళే దరఖాస్తు పెట్టండి.

అభ్యంతరాలు మీటింగుకు ముందే కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, అందినట్టు ముద్ర వేయించుకోండి. మీటింగు మొత్తం వీడియో తీస్తారు, చివర్లో మీరన్న మాటలు తెలుగులో చదివి వినిపించాలి కూడా, వినకుండా లేచి వచ్చేయకండి. క్వారీ వస్తే పని దొరుకుతుందనే కుర్రాళ్లు ఊళ్లో ఉంటారు, వాళ్లతో గొడవ వద్దు, పేలుళ్లకు గుహలు పోతే ఆ ఎలుగులు దిగేది మన తోటల్లోకేనని చెప్పండి.

మీ పక్కనే సోంపేట బీలలో థర్మల్ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతిని 2010 జులైలో జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసింది, బంజరు అని చూపించిన నేల నిజానికి చిత్తడి నేల కాబట్టి. రేపు ఈ క్వారీకి అనుమతి వచ్చినా 30 రోజుల్లోగా జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, అక్కడా మీ ఫొటోలు, ముద్ర పడిన కాగితాలే పనికొస్తాయి.

ఫొటోల కోసం గుహల దాకా మాత్రం ఎవరినీ పంపకండి. చలికాలంలో ఎలుగులు లోపల పిల్లల్ని పెడతాయి, తల్లి ఊరుకోదు. తోటలో దొరికే ఆనవాళ్లు చాలు.