దేవుణ్ణి నమ్మని పిల్లలు స్కౌట్స్‌లో చేరొచ్చా?

అది ఏ దేశం, ఏ సంస్థ అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఎక్కువ చిక్కు అమెరికాలోనే. బాయ్ స్కౌట్స్ (2025 నుంచి స్కౌటింగ్ అమెరికా) ప్రమాణంలో ‘దేవుని పట్ల కర్తవ్యం’ అనే మాట తప్పనిసరి. సభ్యత్వానికి మత సూత్రాల ప్రకటనను ఒప్పుకోవాలి. ఫలానా మతమే కావాలనరు, కాబట్టి హిందూ, బౌద్ధ పిల్లలకు ఇబ్బంది లేదు. నాస్తికులనే చేర్చుకోరు. ప్రైవేటు సంస్థ కాబట్టి ఆ హక్కు దానికుందని 1993లో ఫెడరల్ అప్పీల్ కోర్టు కూడా తేల్చింది.

చేరేటప్పుడు ఎవరూ గుచ్చి అడగకపోవచ్చు. కానీ తొలి మెట్లలోని టెండర్‌ఫుట్ నుంచి అన్నిటికన్నా పైదైన ఈగిల్ దాకా ప్రతి ర్యాంకులోనూ ‘దేవుని పట్ల నీ కర్తవ్యం ఎలా నెరవేర్చావో చెప్పు’ అన్న షరతు ఉంది. పిల్లవాడు ఆ ప్రశ్నకు నిజం చెబితే ఏళ్ల శ్రమ ఆగిపోవచ్చు. అందుకే ఫారం నింపకముందే స్కౌట్‌మాస్టర్‌తో మాట్లాడండి. విషయం దాచి చేర్పిస్తే ఆ భారం మోసేది పిల్లవాడే.

ఆడపిల్లలకైతే అమెరికా గర్ల్ స్కౌట్స్ మేలు: 1993 నుంచి ప్రమాణంలో ‘దేవుడు’ బదులు తమ విశ్వాసానికి తగ్గ మాట వాడుకోవచ్చు. బ్రిటన్ స్కౌట్స్‌లో 2014 నుంచి నమ్మకం లేనివారికి వేరే ప్రమాణమే ఉంది.

మన దగ్గర భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ‘దేవుడు’ బదులు ‘ధర్మం’ అనొచ్చని నియమంలోనే ఉంది. చాలా బడుల్లో ఈ సంగతి చెప్పరు. ప్రమాణ స్వీకారానికి ముందే స్కౌట్ మాస్టర్‌కో గైడ్ కెప్టెన్‌కో చెబితే సరిపోతుంది.