హైబ్రిడ్ కారు స్టార్ట్ కాకపోతే ముందుగా చూడవలసిన బ్యాటరీ

కొన్ని వారాలు కదలకుండా ఉన్న హైబ్రిడ్ కారు బటన్ నొక్కినా స్టార్ట్ కాకపోతే, ఖరీదైన పెద్ద బ్యాటరీ పోయిందని కంగారు పడనక్కర్లేదు. చాలా సందర్భాల్లో డౌన్ అయ్యేది 12 వోల్టుల చిన్న బ్యాటరీయే. పెద్ద బ్యాటరీని మోటారు వ్యవస్థతో కలిపే రిలేలు (విద్యుత్ స్విచ్‌లు) దీని కరెంటుతోనే పనిచేస్తాయి కనుక, పెద్దదానిలో ఎంత చార్జి ఉన్నా బండి కదలదు. డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారడం, రిలేలు టకటకమనడం దీని గుర్తులు. మల్టీమీటరుతో కొలిచినప్పుడు, నిండా చార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టే. మరో బ్యాటరీ నుంచి కరెంటు అందించి బండిని స్టార్ట్ చేసేందుకు వాడే జంపర్ కేబుళ్లను మాన్యువల్‌లో చూపిన టెర్మినళ్లకే తగిలించాలి, నారింజ రంగు హైవోల్టేజీ కేబుళ్లను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ముట్టుకోకూడదు. ‘రెడీ’ దీపం వెలిగాక బండిని అలాగే ఆన్‌లో ఉంచితే చిన్న బ్యాటరీ చార్జి అవుతుంది.