వీపీఎన్ బాగానే నడుస్తుంటే జీరో ట్రస్ట్ యాక్సెస్‌కి మారాలా?

అరవై మంది ఉన్న కంపెనీ, సగం మందికి ఇంటి నుంచే పని, ఆఫీస్ నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి కనెక్ట్ అయ్యే వీపీఎన్‌తో ఏ ఇబ్బందీ లేదు, మరి జెడ్‌టీఎన్‌ఏ (జీరో ట్రస్ట్ నెట్‌వర్క్ యాక్సెస్) ఎందుకు అని అడిగారు కదా. దెబ్బ తగిలేదాకా మేమూ ఇలాగే అనుకున్నాం.

మా దగ్గర ఒక కాంట్రాక్టర్ పని ముగించుకుని వెళ్లిపోయాడు, అతని వీపీఎన్ అకౌంట్ మాత్రం ఎవరూ మూసేయలేదు. కొన్ని నెలల తర్వాత ఎవరో ఆ పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చారు. ఆ కాంట్రాక్టర్ పనికి కావలసింది ఒకే ఒక్క టెస్ట్ సర్వర్, కానీ ఒకసారి కనెక్ట్ అయితే చాలు, ఫైల్ సర్వర్, అకౌంట్స్ డేటాబేస్, చివరికి బ్యాకప్ మెషిన్ కూడా అందుబాటులోకి వచ్చేలా నెట్‌వర్క్ పెట్టుకున్నాం. రెండు రోజులు లాగ్‌లు చదువుతూ నేను పడ్డ టెన్షన్ ఎవరికీ వద్దు. 2021లో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ అనే ఇంధన సరఫరా కంపెనీ మీద సైబర్ దాడి కూడా వాడకుండా వదిలేసిన వీపీఎన్ అకౌంట్ నుంచే జరిగింది, దానికి పాస్‌వర్డ్ తప్ప రెండో తాళం లేదు.

తేడా అంతా ఇక్కడే ఉంది. జెడ్‌టీఎన్‌ఏలో మనిషికి నెట్‌వర్క్ ఇవ్వరు, అతని పనికి కావలసిన అప్లికేషన్ ఒక్కటే ఇస్తారు, అదీ అడుగుతున్నది ఎవరు, ఏ ల్యాప్‌టాప్ నుంచి, దాని డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందా, అప్‌డేట్లు పడ్డాయా అని చూశాకే. మన సర్వర్ పక్కన పెట్టే కనెక్టర్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ లోపలి నుంచి బయటికి కనెక్ట్ అవుతుంది కాబట్టి ఇంటర్నెట్ వైపు పోర్ట్, అంటే బయటివాళ్లు కనెక్ట్ అయ్యే దారి, తెరిచి పెట్టాల్సిన పనిలేదు. నాకైతే ఇదే అన్నిటికంటే పెద్ద ఊరట.

అయితే ముందే లైసెన్సులు కొనేయకండి. మేం అదే తప్పు చేశాం. టూల్ పెట్టడం రెండు మూడు రోజుల పని, ఎవరికి ఏ అప్లికేషన్ కావాలో ఎక్కడా రాసి లేదని తెలిశాక ఒక్కో టీమ్ దగ్గర కూర్చుని ఆ లెక్క తీయడానికి మాత్రం వారాలు పట్టింది. అది తేల్చకుండా అందరికీ అన్నీ అని రూల్ రాస్తే డబ్బు పోసి మళ్లీ వీపీఎన్ కొనుక్కున్నట్టే. లాగిన్లన్నీ ఒకే చోటికి తెచ్చి ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్ కోడ్ లాంటి రెండో తాళం) పెట్టడం కూడా దీనికంటే ముందే అవ్వాలి.

మార్చేటప్పుడు బయటివాళ్లతో, రిమోట్ డెస్క్‌టాప్‌తో (ఆఫీస్ కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపే పద్ధతి) పనిచేసేవాళ్లతో మొదలుపెట్టండి, ప్రమాదం ఎక్కువ అక్కడే. మా పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, ఐపీ ఫోన్లు (నెట్‌వర్క్ మీద నడిచే ఆఫీస్ ఫోన్లు) దీంతో సరిగ్గా పనిచేయలేదు, వాటికోసం నలుగురికి వీపీఎన్ ఇంకా ఉంచాం, ఆ రెండు సర్వర్లు తప్ప ఇంకేమీ అందకుండా. మీ దగ్గర అలాంటి పాత సాఫ్ట్‌వేర్ ఏముందో చెబితే దాని సంగతి విడిగా రాస్తాను.